సూరకు కావలసింది పెద్ద ఓడ కాదు, ఐసు!

ట్యూనా అనే పేరు మీలో చాలామంది విని ఉంటారు. రేకు డబ్బాల్లో నింపి అమ్మే చేప అనీ, జపానువాళ్లు పచ్చిగానే ముక్కలు కోసుకుని తినే చేప అనీ ఎక్కడో చదివి ఉంటారు. అదేదో దూరదేశపు చేప అనుకుంటున్నారేమో! కాదు. మన బంగాళాఖాతంలోనే అది మందలు మందలుగా తిరుగుతుంది. మన తీరంలో దాని పేరు సూర. సూరల్లో చాలా రకాలున్నాయి. పొట్ట మీద నామాల్లాంటి పొడుగు చారలున్నది నామాల సూర. పసుపుపచ్చని రెక్కలతో, బాగా ఎదిగితే మనిషి కంటే ఎక్కువ బరువు తూగేది రెక్క సూర. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెక్క సూర గురించీ, దాన్ని పట్టడానికి చిన్న తెప్ప మీద నడిసముద్రంలోకి వెళ్లే మనుషుల గురించీ.

"మన పడవలు చిన్నవి. అందుకే సముద్రంలోని సూర సంపద మన చేతికి రావడం లేదు. పెద్ద పెద్ద ఓడలు కొంటే గాని లాభం లేదు" అని సభల్లో చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. సూరను పట్టే పని చిన్న పడవ చక్కగానే చేస్తోంది. పట్టిన తరవాత చెయ్యవలసిన పని దగ్గరే చిక్కంతా ఉంది. ఆ చిక్కు ఓడ పొడుగుతో తీరేది కాదు, ఐసుతో తీరేది. ఎందుకు ఇలా అంటున్నానో చెబుతాను. మీ పాఠ్యపుస్తకాల్లోని భౌతికశాస్త్రం, జీవశాస్త్రం రెండూ ఇందులో పనికొస్తాయి. నేను చెప్పింది తప్పనిపిస్తే లెక్క మీరే వేసి చూసుకోవచ్చు.

ముందు వేట ఎలా జరుగుతుందో చూద్దాం.

అనకాపల్లి జిల్లాలో పూడిమడక అని ఒక ఊరుంది. గాలంతో సూరలను పట్టడంలో ఆ ఊరివాళ్లు పేరుపడ్డారు. విశాఖపట్నం నుంచీ, శ్రీకాకుళం తీరం నుంచీ కూడా ఈ వేటకు వెళ్తారు. ఒకప్పుడు తెప్ప అంటే దుంగలు కలిపి తాళ్లతో కట్టినది. ఇప్పుడది ఫైబరుతో చేసినది, వెనక ఒక చిన్న ఇంజిను ఉన్నది. అయినా తెప్ప అనే పేరు మాత్రం పోలేదు. దాని మీద నలుగురైదుగురు వెళ్తారు. అన్నదమ్ములు, బావామరుదులు, చిన్నప్పుడు ఒకే కెరటంలో ఈత నేర్చుకున్న స్నేహితులు. జీతానికి కుదిరిన కొత్తవాళ్లతో ఈ వేట సాగదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

తెల్లవారడానికి చాలా ముందే ఒడ్డు వదులుతారు. ఉత్తరాంధ్ర తీరంలో ఒక సౌకర్యం ఉంది. ఖండం అంచు, అంటే తీరం నుంచి మెల్లగా లోతెక్కుతూ పోయి ఒక్కసారిగా అగాధంలోకి దిగే చోటు, ఒడ్డుకు మరీ దూరంగా ఉండదు. చిన్న ఇంజినుతో కొన్ని గంటల్లో ఆకుపచ్చ నీరు దాటి నల్లగా కనిపించేంత నీలపు నీటిలోకి చేరుకోవచ్చు. సూర ఉండేది అక్కడే.

దూరమంటే ఎంత దూరం? ఒక చిన్న లెక్క. మీ కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. భూమి గుండ్రంగా ఉంది కనుక మీకు సుమారు 5 కిలోమీటర్ల దాకానే నీరు కనిపిస్తుంది; ఆ తరవాత అంతా ఆకాశమే. ఒడ్డున 100 మీటర్ల కొండ ఉంటే, దాని కొన మాత్రం గాలి తేటగా ఉన్న రోజున 40 కిలోమీటర్ల వరకు కనిపించాలి. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. రెండు ఎత్తులకూ విడివిడిగా కట్టి కలపండి, సరిపోతుంది. కొండ కూడా మునిగిపోయిందంటే మనవాళ్లు ఎంత దూరం వచ్చారో ఆ లెక్కే చెబుతుంది. వెనకటి రోజుల్లో చుక్కలను, గాలిని, కెరటం వచ్చే వైపును పట్టి దారి చూసుకునేవారు. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో దారి చెప్పే చిన్న యంత్రం ఉంది. అది పాడైతే మళ్లీ చుక్కలే.

సూర ఉన్న చోటును కనిపెట్టడం మరో విద్య. నీటి మీద పక్షులు గుంపుగా వాలి లేస్తున్నాయంటే కింద చిన్న చేపలు పైకి తరమబడుతున్నాయన్న మాట. వాటిని తరిమేది సూర కావచ్చు. కొట్టుకొచ్చిన దుంగ కనబడినా వదిలిపెట్టరు. దాని నీడన చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం పెద్దవి చేరతాయి. సముద్రమే లేని హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ చూసి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అది మత్స్యకారులకు తెలియజేస్తుంది. సూరల కోసం ప్రత్యేకంగా కూడా చెబుతుంది. పక్షులను చూసేవాడూ, ఉపగ్రహాన్ని చూసేవాడూ వెదుకుతున్నది ఒకటే: చిన్న చేపకు తిండి ఎక్కడ దొరుకుతుంది అని.

గాలానికి ఎర గుచ్చి లోతుకు వదులుతారు. లోతును బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు ఒక బార. చేప పట్టుకుందంటే ఇక చూడండి! అది ముందు చేసే పని కిందికి దూకడం. నైలాను తాడు వేళ్ల మధ్య నుంచి నిప్పులా జారిపోతుంది. అప్పుడు పట్టి లాగితే తాడు తెగుతుంది, లేదా వేళ్లు తెగుతాయి. "వదులు బావా, వదులు... ఇంకా వదులు... ఆఁ, ఇప్పుడు లాగు!" అని వెనక నుంచి ఒకడు చెబుతూనే ఉంటాడు. ముందున్నవాడు తాడు పట్టుకుంటాడు. రెండోవాడు జారుతున్న తాడు ఎవరి కాలికీ చుట్టుకోకుండా చూస్తాడు. చుట్టుకుందా, మనిషి నీళ్లలో పడ్డట్టే. మూడోవాడు తాడు ఇంజిను కిందికి పోకుండా తెప్పను తిప్పుతూ ఉంటాడు. నాలుగోవాడు కొక్కెం పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. ఈ నలుగురిలో ఒక్కడు ఒక్క క్షణం పరాకుగా ఉన్నా ప్రాణం మీదికి వస్తుంది. జీతగాళ్లతో ఈ వేట సాగదని ఇందాక అన్నది అందుకే. ఒకడి కేకలోని అర్థం ఇంకొకడికి మాట పూర్తి కాకముందే తెలియాలి.

చేప అంత బలంగా ఎలా పోరాడుతుంది? ఇక్కడే సూర జీవశాస్త్రం మొదలవుతుంది.

మామూలు చేప నోరు తెరుస్తూ మూస్తూ మొప్పల మీదికి నీటిని తోస్తుంది. అందుకే అక్వేరియంలోని చేప కదలకుండా ఉన్నా బతుకుతుంది. సూర అలా కాదు. అది కాస్త నోరు తెరుచుకుని ముందుకు ఈదుతూనే ఉంటుంది. ఆ వేగానికి నీరు తనంతట తానే మొప్పల గుండా పోతుంది. ఈత ఆగితే ఊపిరి ఆగుతుంది. పుట్టింది మొదలు చచ్చేదాకా రాత్రీ పగలూ ఆగకుండా ఈదే జంతువు అది. నామాల సూరకైతే నీటిలో తేల్చి ఉంచే గాలితిత్తి కూడా లేదు. ఆగితే ఊపిరి పోవడమే కాదు, మునిగిపోతుంది కూడా! దాని శరీరం చూడండి: రెండు కొసలా సన్నగా, మధ్యలో లావుగా, కండె ఆకారం. పైరెక్క అక్కర లేనప్పుడు ఒక గాడిలోకి మడుచుకుంటుంది. తోక నెలవంకలా ఉంటుంది. నీరు అడ్డుపడే చోటు ఎక్కడా మిగల్చలేదు.

ఆగకుండా ఈదే కండరానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అందుకే సూర మాంసం ఎర్రగా ఉంటుంది. ప్రాణవాయువును దాచుకునే మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం అందులో ఎక్కువ. పనిచేసే కండరం వేడెక్కుతుందని మీకు తెలుసు. పరుగెత్తి వచ్చి మీ చెంప తాకి చూసుకోండి. మామూలు చేపలో ఈ వేడి రక్తంతో పాటు మొప్పలకు పోయి, అక్కడ చల్లని నీటిలో కలిసిపోతుంది. సూరలో అలా పోదు.

ఈ సంగతి మొదట కొలిచి చెప్పినవారిలో జాన్ డేవీ ఒకరు. గని కార్మికుల దీపం కనిపెట్టిన హంఫ్రీ డేవీ తమ్ముడాయన. సముద్రయానంలో పట్టిన సూర జాతి చేప శరీరం, చుట్టూ ఉన్న నీటి కంటే సుమారు 10 సెంటిగ్రేడు డిగ్రీలు వేడిగా ఉందని 1835లో ప్రకటించాడు. చేపలన్నీ చల్లని రక్తం కలవేనని అందరూ నమ్ముతున్న రోజులవి! వేడి ఎలా నిలుస్తోందో ప్రయోగాలతో తేల్చడానికి మరో నూటముప్పై ఏళ్లు పట్టింది. 1966లో అమెరికన్ శాస్త్రజ్ఞులు కేరీ, టీల్ దాన్ని వివరించారు.

ఆ ఏర్పాటు ఇలాంటిది. ఒక గది ఉంది. లోపలి నుంచి ఒక వరుస మనుషులు చేతిలో బెల్లం ముక్కలతో బయటికి వస్తున్నారు. పక్కనే ఇంకో వరుస వట్టి చేతులతో లోపలికి వెళ్తున్నారు. వచ్చేవాడు ఎదురైనవాడి చేతిలో తన బెల్లం పెట్టేసి వట్టి చేతులతో పోతాడు. అప్పుడు మనుషులు ఎంతమంది తిరిగినా బెల్లం మాత్రం గది దాటి పోదు కదా! సూర కండరంలో సన్నని ధమనులూ సిరలూ ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఎదురెదురుగా నడుస్తాయి. కండరం నుంచి వచ్చే వేడి రక్తం తన వేడిని లోపలికి వెళ్లే చల్లని రక్తానికి ఇచ్చేస్తుంది. వేడి బెల్లంలాగే లోపలే ఉండిపోతుంది. వెచ్చని కండరం చురుగ్గా పనిచేస్తుంది. తాడు వేళ్లను కోసేంత బలం ఆ వెచ్చదనంలోంచి వచ్చిందే.

ఇక ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బతికి ఉన్నంతకాలం చేపకు మేలు చేసిన ఈ వేడే, చచ్చిన తరవాత మనకు శత్రువు అవుతుంది.

పోరాటంలో సూర శరీరం మరింత వేడెక్కుతుంది. ప్రాణవాయువు చాలక కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. వేడీ ఆమ్లమూ కలిసి మాంసాన్ని పాడు చేస్తాయి. ఎర్రగా నిగనిగలాడవలసిన ముక్క పాలిపోయి, మెత్తబడి, ఉడికినట్టు అయిపోతుంది. జపానువాళ్లు దాన్ని "కాలిన మాంసం" అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. పచ్చిగా తినే బజారులో దానికి చోటు లేదు.

అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. సూర మాంసంలో హిస్టిడిన్ అనే ఆమైనో ఆమ్లం చాలా ఎక్కువ. చేప మొప్పల్లోనూ పేగుల్లోనూ ఉండే కొన్ని బాక్టీరియాలు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. హిస్టమిన్ ఎక్కువైన చేపను తింటే ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, తలనొప్పి, వాంతులు వస్తాయి. చేప పడలేదు అనుకుంటారు గాని, అది చేప తప్పు కాదు. ఎండలో పడి ఉన్న గంటల తప్పు. ఉడకబెడితే బాక్టీరియా చస్తుంది, హిస్టమిన్ మాత్రం చావదు. వేయించినా పోదు, డబ్బాలో పెట్టినా పోదు. ఒకసారి పుట్టిందంటే ఉన్నట్టే. కిలో చేపలో 200 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో రాసుకున్నారు. వాసన చూసి కనిపెడదామంటే అదీ కుదరదు. చూడ్డానికి బాగున్న చేపలో కూడా హిస్టమిన్ ఉండవచ్చు. దాన్ని ఆపే ఉపాయం ఒక్కటే: పుట్టకుండా చూడడం, అంటే చేపను వెంటనే చల్లబరచడం.

ఇప్పుడు లెక్క. గుప్తోష్ణం పాఠం జ్ఞాపకం తెచ్చుకోండి. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. 40 కిలోల సూర ఒకటి పట్టారనుకోండి. పోరాటం తరవాత దాని వేడి 32 డిగ్రీలు అనుకుందాం. చేప విశిష్టోష్ణం సుమారు 0.8. దాన్ని 0 డిగ్రీలకు తేవాలంటే 40,000 × 0.8 × 32, అంటే 10 లక్షల 24 వేల కేలరీలు తీసెయ్యాలి. 80తో భాగిస్తే 12,800 గ్రాములు. పదమూడు కిలోల ఐసు! ఇంతేనా అనిపిస్తుంది. కాని ఎండ ఊరుకుంటుందా? పెట్టె గోడల గుండా, తెరిచినప్పుడల్లా మూత గుండా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే మనలాంటి వేడి ప్రాంతాల్లో కిలో చేపకు కిలో ఐసు అని మోటుగా ఒక లెక్క పెట్టుకున్నారు. అంటే పదమూడు కిలోలు చేపకు, మిగిలిన ఇరవై ఏడు కిలోలు ఎండకు, దారికి. గోడలు మందంగా, వేడిని పోనివ్వని పెట్టె ఉంటే ఈ రెండో లెక్కను బాగా తగ్గించవచ్చు. తెప్పలో అరకిలో బరువు కూడా ఆలోచించి వేసుకుంటారు. మనుషులు, ఇంధనం, తాగేనీరు, తాళ్లు, ఎర, ఇవన్నీ పోగా ఐసుకు మిగిలే చోటు తక్కువ. పెట్టె మంచిదైతే అదే చోటులో ఇంకో చేప పడుతుంది.

ఐసు ఎంత అన్నదే కాదు, ఎలా అన్నది కూడా ముఖ్యమే. ఐసు ముక్కల మీద చేపను పడుకోబెడితే ముక్క తగిలిన చోటే చల్లబడుతుంది. మధ్యలో అంతా గాలి. గాలి వేడిని మెల్లగా మోస్తుంది. అదే పొడిచేసిన ఐసులో సముద్రపు నీరు కలిపి చేపను ముంచితే, నీరు చేపను అన్నివైపులా తాకుతుంది. పైగా ఉప్పునీరు కనుక సున్నా కంటే కొంచెం కిందికి కూడా పోతుంది. ఇంకో సంగతి. వేడి చేప మధ్య నుంచి పైకి రావడానికి పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం అయిదు రెట్లైతే కాలం ఇరవై అయిదు రెట్లు. అరచేతి చేపకూ రెక్క సూరకూ తేడా అక్కడుంది. చిన్న చేపను ఇంటికొచ్చాక ఐసులో పెట్టినా ఫరవాలేదేమో గాని, సూరను తెప్ప మీదికి లాగిన నిమిషం నుంచే మొదలుపెట్టాలి. చేప కొట్టుకోకుండా మెదడులో పొడిచి ఒక్క క్షణంలో చంపడం, రక్తం కార్చడం, మొప్పలూ పేగులూ తీసెయ్యడం, ఆ తరవాత ఐసునీటిలో ముంచడం. మొదటిది లాక్టిక్ ఆమ్లాన్ని ఆపుతుంది. మూడోది బాక్టీరియా పుట్టింటినే తీసేస్తుంది. పది నిమిషాల పని, ఒక చాకు, ఒక ఇనప పుల్ల చాలు. దీనికి పెద్ద ఓడ ఎందుకు?

నిజానికి గాలంతో ఒక్కొక్క చేపనూ పట్టేవాడికే ఈ పని సుఖం. వలలో వందలు ఒక్కసారి పడ్డప్పుడు ఒక్కొక్కదాన్ని ఇలా చూసుకునే తీరిక ఎవరికి ఉంటుంది? జపానులో ఓమా అనే చిన్న రేవు ఉంది. అక్కడి చిన్న పడవల వాళ్లు ఒంటి గాలంతో నీలి రెక్కల ట్యూనాను పట్టడంలో ప్రసిద్ధులు. 2019 జనవరిలో టోకియో వేలంలో ఆ రేవు నుంచి వచ్చిన 278 కిలోల చేప ఒకటి 33 కోట్ల 36 లక్షల యెన్‌లకు పోయింది. అది కొత్త సంవత్సరపు మొదటి వేలం, ఆర్భాటపు ధర, మన రెక్క సూరకు అలాంటిది రాదు. ఆ సంగతి నాకు తెలుసు. కాని చిన్న పడవ నుంచి వచ్చినందుకు దాని ధర ఒక్క యెన్ కూడా తగ్గలేదు.

ఐసు లేని చోట మనుషులు ఊరికే కూర్చోలేదని కూడా చెప్పాలి. లక్షద్వీపాల్లో మినికాయ్ అనే దీవి ఉంది. అక్కడ వెదురు గడకు గాలం కట్టి, బతికిన చిన్న చేపలను నీటిలోకి చల్లి, మందలుగా వచ్చిన నామాల సూరలను ఒక్కొక్కటిగా లాగి పడవలోకి విసురుతారు. ఒడ్డుకు తెచ్చాక వాటిని ఉప్పునీటిలో ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి కట్టెలా చేస్తారు. దాన్ని మాస్మిన్ అంటారు. నెలల తరబడి నిలవ ఉంటుంది. నీరు లేని చోట బాక్టీరియా బతకలేదన్న సూత్రాన్ని సూక్ష్మదర్శిని పుట్టకముందే వాళ్లు వాడుకున్నారు. అయితే మాస్మిన్‌కు కూడా చేప తాజాగా ఉండాలి. ఉడికిస్తే హిస్టమిన్ పోదని ఇందాకే చెప్పుకున్నాం. మినికాయ్‌వాళ్ల వేట దీవికి దగ్గర్లోనే జరుగుతుంది కనుక వాళ్లకది సాధ్యమైంది. మన తెప్పల వాళ్లకు మధ్యలో అన్ని గంటల ప్రయాణం ఉంది.

"పెద్ద ఓడలో శీతల యంత్రాలుంటాయి కదా?" అని మీరు అడగవచ్చు. ఉంటాయి. ప్రశ్న మంచిదే. కాని ఓడతో పాటు ఏం వస్తుందో కూడా చూడాలి. 1980ల మొదట్లో ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల ఓడలు పశ్చిమ హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి. వాటి వల కిలోమీటరున్నర పైన పొడవు. మందను చుట్టి, అడుగున తాడు బిగించి, సంచి మూతి మూసినట్టు మూసేస్తాయి. దుంగ నీడన చేపలు చేరతాయని చెప్పాను కదా, వాళ్లు యంత్రాలు అమర్చిన తేలుడు తెప్పలను సముద్రంలో వదిలి, చేపలు చేరాక వచ్చి చుట్టేస్తారు. అలా చుట్టినప్పుడు నామాల సూరతో పాటు రెక్క సూర పిల్లలు కూడా వచ్చేస్తాయి. రెక్క సూర సుమారు మీటరు పొడవు ఎదిగితే గాని గుడ్లు పెట్టదు. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని పిల్లను డబ్బాలోకి ఎక్కించడం విత్తనాల గింజలు వండుకుని తినడం లాంటిదే. 2015లో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ శాస్త్రజ్ఞులు రెక్క సూర మితిమీరి పట్టబడిందని తేల్చారు. 2024లో కొత్త లెక్కలు వేసి పరిస్థితి అంత చెడ్డగా లేదని చెప్పారు. లెక్క మారిందని శాస్త్రజ్ఞులను వెక్కిరించకండి. నీటి కింద ఉన్నవాటిని లెక్కపెట్టడం తరగతిలో హాజరు వెయ్యడం లాంటిది కాదు.

మన దేశంలోనూ ఈ వాదం పాతదే. 1991లో విదేశీ ఓడలతో ఉమ్మడిగా లోతు సముద్రపు వేటకు ప్రభుత్వం అనుమతులిచ్చింది. మత్స్యకారులు దేశమంతటా ఆందోళన చేశారు. మురారి అధ్యక్షతన వేసిన కమిటీ ఆ అనుమతులను రద్దు చెయ్యమని 1996లో సిఫారసు చేసింది. తరవాత మరో రూపంలో వచ్చిన అనుమతి పత్రాల పద్ధతి కూడా 2017లో ముగిసింది.

చిన్న పడవ అన్నంత మాత్రాన పుణ్యం వచ్చేస్తుందని నేననను. హిందూ మహాసముద్రంలో పట్టే ట్యూనాలో దాదాపు సగం చిన్న పడవల వాళ్లదే. అందులో పెద్ద పెద్ద వలలు వేసేవాళ్లున్నారు. ఆ వలల్లో తాబేళ్లు, డాల్ఫిన్లు చిక్కి చచ్చిపోతాయి. నేను మెచ్చుకుంటున్నది గాలాన్ని. గాలానికి పిల్ల తగిలితే బతికుండగానే వదిలెయ్యవచ్చు. చిన్న తెప్పకు ప్రాణభయం ఎక్కువన్నది కూడా నిజమే. తుపాను వార్త నడిసముద్రానికి చేరాలి, తెప్ప మీది కేక ఒడ్డుకు చేరాలి. ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపే పరికరాలను పడవలకు అమర్చే పథకం 2024లో మొదలయ్యింది. అది ప్రతి తెప్పకూ అందాలి. ఆ ఖర్చుకు నేను ఎదురు చెప్పను.

అలాగే ఐసుకూ ఖర్చు పెట్టాలి. తీరపు ఊళ్లలో, హార్బరులో మాత్రమే కాదు, తెప్పలు లాగే ఇసుక దగ్గర కూడా, మంచినీటితో చేసిన ఐసు తెల్లవారుజాముకు ముందే దొరకాలి. తెప్పకు సరిపోయే కొలతల్లో మందపు గోడల పెట్టెలు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వేలంలో చల్లని చేపకు చల్లని చేప ధర ఇవ్వాలి. ఒడ్డున గంపలో పడ్డ తరవాత ఐసులో వచ్చినదీ, ఎండలో వచ్చినదీ ఒకే ధరకు పోతే, ఇంత ఐసు మోసుకుపోయి ఇంకో చేప చోటు పోగొట్టుకునేవాడు పిచ్చివాడవుతాడు. మన వంటిళ్లలో వంజరానికీ చందువకూ ఉన్న గౌరవం సూరకు లేదు. "నల్ల మాంసం" అని పక్కన పెట్టేవాళ్లున్నారు. నలుగురు ప్రాణాలకు తెగించి తెచ్చిన చేప దారిలో పాడై అగ్గువకు పోతే నష్టం నాలుగు వాటాలుగా నాలుగు ఇళ్లకు పోతుంది. ఆ ఇళ్లలో మీ ఈడు పిల్లలుంటారు, వాళ్ల ఫీజు ఆ వాటాలోంచే రావాలి.

మీ బడిలో చెయ్యగల ప్రయోగం ఒకటి చెబుతాను. మూడు బంగాళదుంపలు తీసుకోండి. రెండు ఒకే లావు, మూడోది వాటికి రెట్టింపు లావు. మూడింటినీ ఉడకబెట్టండి. ఒక పుల్లతో మధ్యదాకా కన్నం చేసి, థర్మామీటరు గుచ్చండి. కన్నం చెయ్యకుండా గుచ్చితే గాజు విరుగుతుంది. ఒకే లావున్న రెండింటిలో ఒకదాన్ని ఉత్త ఐసు ముక్కల మధ్య, రెండోదాన్ని పొడిచేసిన ఐసు, ఉప్పునీరు కలిపిన గిన్నెలో పెట్టండి. లావుపాటిదాన్ని కూడా ఐసునీటిలోనే ముంచండి. రెండు నిమిషాలకొకసారి వేడి చూసి రాసుకుని, మూడు గీతలూ ఒకే కాగితం మీద గియ్యండి. ఉప్పునీటిలోనిది ఉత్త ఐసులోనిదాని కంటే ఎన్ని నిమిషాలు ముందు 10 డిగ్రీలకు వచ్చిందో చూడండి. లావుపాటి దుంపకు నాలుగు రెట్ల సమయం పట్టిందా? సరిగ్గా నాలుగు రాకపోతే ఎందుకు రాలేదో మీ సైన్సు మాస్టారితో కూర్చుని ఆలోచించండి.